పోలీస్ స్టేషన్‌కి సర్టిఫికెట్ వస్తే బాధితులకు ఒరిగేదేమిటి?

అమ్మా, మీరు అడిగిన విషయం ఇది. గుంటూరులో మీ ఇంటి దగ్గరి గుడి నుంచి వస్తున్న మీ అమ్మగారి మెడలో గొలుసుని బైక్ మీద వచ్చినవాళ్లు తెంచుకుపోయారు. ఆమె కింద పడి మణికట్టు విరిగింది. కేసు కట్టారు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఇచ్చారు. ఐదు నెలలు గడిచినా స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ లేదు. మీరు వెళ్తే "ఎస్‌ఐ గారు బందోబస్తుకి వెళ్లారు" అంటున్నారు. అదే స్టేషన్ గోడకి ఐఎస్‌ఓ సర్టిఫికెట్ వేలాడుతోంది. ఆ కాగితం వల్ల మాలాంటివాళ్లకి ఏం లాభం, అమెరికాలో పోలీసులకు అక్రిడిటేషన్, అంటే బయటి సంస్థ ప్రమాణాల ప్రకారం పరిశీలించి ఇచ్చే గుర్తింపు, ఉంటుందట కదా, అలాంటిది మన దగ్గరా పెడితే పరిస్థితి మారుతుందా అని మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లకు పైగా పోలీసు శాఖలో పనిచేసి సీఐగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గుంటూరు, తెనాలి, విజయవాడల్లోనే గడిచింది. రెండు స్టేషన్లకు సర్టిఫికెట్ కోసం ఫైళ్లు నా చేతి మీదుగానే తయారయ్యాయి. ఇప్పుడు ఉచిత న్యాయసాయం చేసే న్యాయ సేవాధికార సంస్థ దగ్గర పారా లీగల్ వాలంటీరుగా, అంటే లాయర్ కాకపోయినా జనానికి సాయపడే మనిషిగా, వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. బల్లకి అవతలి వైపు నుంచి స్టేషన్ ఎలా కనబడుతుందో నాకు అర్థమైంది ఈ రెండు రోజుల పనిలోనే.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి. ఐఎస్‌ఓ 9001 పోలీసుల కోసం పుట్టిన ప్రమాణం కాదు. ఫ్యాక్టరీకైనా, ఆసుపత్రికైనా, కాలేజీకైనా అదే. ఐఎస్‌ఓ అంటే జెనీవాలో ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, అది ప్రమాణం రాస్తుంది కానీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఆ పని వేరే ఏజెన్సీలు చేస్తాయి. మామూలుగా మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఏడాదికోసారి వచ్చి చూసి వెళ్తారు. వాళ్లు చూసేది ముఖ్యంగా ఇది: ఏ పని ఎలా చేస్తామని మీరు రాసుకున్నారో అలాగే చేస్తున్నారా, చేసినట్టు రికార్డు ఉందా. ఉంటే పాస్. రాసుకున్నదాంట్లో "బాధితులకి ఫలానా రోజుల్లోపు ఫోన్ చేస్తాం" అన్న మాటే లేకపోతే, ఆ ఫోన్ చేయకపోవడం ఎక్కడా లోపంగా నమోదు కాదు. మీ అమ్మగారి విషయంలో జరిగింది అచ్చంగా ఇదే అయి ఉంటుంది.

అలాగని అది పనికిరాని కాగితమని అనను. మా స్టేషన్‌లో ఆ సర్టిఫికెట్ పుణ్యమా అని ఆడవాళ్లకి వేరే టాయిలెట్ వచ్చింది. మాల్‌ఖానాలో, అంటే కేసుల్లో పట్టుకున్న వస్తువులు దాచే గదిలో, ప్రతి మూటకీ క్రైమ్ నంబరుతో చీటీ కట్టాం. అంతకుముందు కోర్టు వాళ్లు ప్రాపర్టీ అడిగితే ఒక కానిస్టేబుల్ రోజంతా వెతికేవాడు. జీడీ, అంటే జనరల్ డైరీ, ఏ రోజుది ఆ రోజే రాయడం అలవాటైంది. ఇవన్నీ మంచివే. మీరు కొలవాలనుకుంటున్నది మాత్రం ఆ కొలతలో లేదు.

ఒక ఆడిట్ రోజు గురించి చెప్తాను. వారం ముందు నుంచీ సున్నాలు, రంగులు. రిసెప్షన్‌లో కొత్త కుర్చీలు వేశాం, వాటి ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. పొద్దున తొమ్మిదింటికే ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో ఎఫ్‌ఐఆర్ కాపీ, రేషన్ కార్డు జెరాక్సు, తెగిపోయిన గొలుసులో ఆమెకి మిగిలిన రెండు నల్లపూసలు, కాగితంలో చుట్టి. దొంగతనం జరిగి నాలుగు నెలలైంది. "ఏమన్నా తెలిసిందా నాయనా" అని అడగడానికి వచ్చింది. ఆడిటర్ వచ్చే టైమైందని, ఆమెని వెనక కంప్యూటర్ గది పక్కన బెంచీ మీద కూర్చోబెట్టమని నేనే చెప్పాను. ఆ హడావిడిలో మర్చిపోయాను. ఆడిటర్ ఫిర్యాదుల రిజిస్టర్ తిరగేశారు, గడులన్నీ నిండి ఉన్నాయి, మెచ్చుకున్నారు. ఆయన్ని సాగనంపి లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆమె అక్కడే ఉంది. ఆయన మెచ్చుకున్న రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా "కేసు నమోదు, దర్యాప్తులో ఉంది" అని చక్కని చేతిరాతలో ఉంది. అందులో అబద్ధం లేదు. ఆమెకి క్షమాపణ చెప్పి, అన్నం తెప్పించి, నాకు తెలిసినంత చెప్పి ఆటో ఎక్కించాను. ఆ ఆడిటర్ గారు వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి ఆమెని ఒక్క మాట అడిగి ఉంటే ఆ సర్టిఫికెట్ మాకు దక్కేది కాదు, దక్కకూడదు కూడా.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ పోలీసు శాఖల కోసమే 1979లో ఒక కమిషన్ పెట్టుకున్నారు. నాలుగు పెద్ద పోలీసు అధికారుల సంఘాలు కలిసి పెట్టినది, పొట్టిగా కాలియా అంటారు. అందులో చేరడం ఇష్టాన్ని బట్టే. అక్కడున్న సుమారు 18,000 పోలీసు సంస్థల్లో ఎక్కువ భాగం అసలు చేరనే లేదు. చేరినవాళ్లని నాలుగేళ్ల చక్రంలో, మధ్యలో ఏటా, పరిశీలిస్తారు. నాకు అందులో నచ్చిన విషయం ఒకటుంది. బాధితులు, సాక్షులకి సాయం అనేది ఆ ప్రమాణాల్లో ప్రత్యేకంగా ఒక అధ్యాయం. మొదటిసారి కలిసినప్పుడు ఏం చెప్పాలి, దర్యాప్తు నడుస్తున్నప్పుడు ఏం చెప్పాలి, ముద్దాయిని పట్టుకున్నప్పుడు ఎవరికి తెలియజేయాలి, మనిషి చనిపోతే ఇంట్లోవాళ్లకి ఆ కబురు ఎలా చేరవేయాలి, ఇవన్నీ శాఖ ముందే రాసిపెట్టుకోవాలి. మన స్టేషన్లలో రికార్డులు రాసే రైటర్ దగ్గరున్న ఏ రిజిస్టర్‌లోనూ ఈ గడులు లేవు.

చావు కబురు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. నేను ఎస్‌ఐగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి కొట్లాటలో ఇరవై రెండేళ్ల కుర్రాడు చనిపోయాడు. ఫోన్‌లో ఉన్న "నాన్న" అన్న నంబరుకి మా కానిస్టేబుల్ ఫోన్ చేసి "మీ అబ్బాయి మార్చురీలో ఉన్నాడు, వచ్చి గుర్తుపట్టండి" అన్నాడు. అతని తప్పని నేననను, ఎలా చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు, నాకూ నేర్పలేదు. ఆ తండ్రి అర్ధరాత్రి ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. బస్టాండు నుంచి ఆసుపత్రికి దారి అడిగింది కూడా దారిన పోయేవాళ్లని. తోడు ఎవరన్నా ఉన్నారా అని మేం అడగలేదు, వాళ్ల ఊరి స్టేషన్‌కి చెప్పి ఒక మనిషిని ఇంటికి పంపించి ఉండొచ్చు, అదీ చేయలేదు. పంచనామా మాత్రం లోపం లేకుండా రాశాం. శిక్ష కూడా పడింది. ఆ కేసు ఫైలు ఎవరు చూసినా మంచి దర్యాప్తు అనే అంటారు. ఆ తర్వాత నా పరిధిలో ఎవరు చనిపోయినా ఇంటికి మనిషిని పంపించే చెప్పించాను. కానీ అది నా అలవాటు, అంతే. నేను బదిలీ అయి వెళ్లాక ఆ స్టేషన్‌లో ఏమైందో నాకు తెలుసు.

అక్రిడిటేషన్ కావాలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. మన దగ్గర మంచి పద్ధతులు లేకపోలేదు, బదిలీతో పోతున్నాయి. విజయవాడలో చేస్తున్నప్పుడు ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం కొని, ప్రతి కేసులో బాధితుల పేరు, ఫోన్ నంబరు, చివరిసారి ఎప్పుడు మాట్లాడామన్నది రాయించాను. గురువారం సాయంత్రం ఒక మహిళా కానిస్టేబుల్ వరసగా ఫోన్లు చేసేది. పదింటిలో తొమ్మిది కేసుల్లో చెప్పడానికి కొత్తగా ఏమీ ఉండేది కాదు. "అమ్మా, స్టేషన్ నుంచి. మీ కేసు ఇంకా నడుస్తోంది, ఫుటేజ్ చూశాం, మొహాలు తెలియలేదు. మీకేమన్నా గుర్తొస్తే ఈ నంబరుకి చేయండి." అర నిమిషం. అవతల వాళ్లు ఏడ్చిన రోజులున్నాయి, తిట్టినవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం "ఫోన్ చేశారు, చాలమ్మా" అనేవాళ్లు. ఒకాయన అయితే "ఆ రోజు టెన్షన్‌లో చెప్పలేదు, మా మనవడు బండి నంబరు సగం చూశాడు" అని అప్పుడు చెప్పాడు. అలా ఒక స్కూటర్ దొంగ దొరికాడు. నేను వేరే సర్కిల్‌కి వెళ్లిన నెలకి ఆ పుస్తకం ఆగిపోయింది. కొత్తగా వచ్చినవారు చెడ్డవారేమీ కాదు. ఆ పుస్తకం ఎవరి తనిఖీలోనూ లేదు, అందుకని ఆగింది.

దర్యాప్తు అధికారి ఎందుకు ఫోన్ చేయడో కూడా మీకు తెలియాలి. మీరు అనుకున్నట్టు ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు. మన గుంటూరు, విజయవాడల మధ్య రాజధాని వచ్చాక బందోబస్తు లేని వారం ఉండదు. వెలగపూడిలో సభలు, వీఐపీల రాకపోకలు, దుర్గమ్మ గుడి దసరా, వీటన్నిటికీ స్టేషన్ నుంచే మనుషులు వెళ్లాలి. ఇది ఒకటి. రెండోది, మనసులో ఉండేది. గొలుసు దొరకలేదు, ఏం మొహం పెట్టుకుని ఫోన్ చేయాలి అనుకుంటాడు. మంచి వార్త ఉంటేనే ఫోన్ చేయాలని మాకు ఒక భ్రమ. నాకూ చాలా ఏళ్లు ఉండేది. గొలుసు పోయిన మనిషికి ముందు కావలసింది తన కేసు ఎవరికో ఒకరికి గుర్తుందన్న భరోసా.

మన దగ్గర కేంద్ర హోంశాఖ ఏటా పోలీస్ స్టేషన్లకు ర్యాంకులు ఇస్తుంది. ఆస్తి నేరాలు, మహిళల మీద నేరాలు, బలహీన వర్గాల మీద నేరాల విషయంలో పనితీరు చూస్తారు, ప్రజల అభిప్రాయమూ అందులో కొంత లెక్కలోకి వస్తుంది. మంచిదే. కానీ నన్ను అడిగితే, ప్రజలందరి అభిప్రాయం ఒకటి, ఆ స్టేషన్‌లో కేసు పెట్టిన బాధితుల అభిప్రాయం ఒకటి. తనిఖీకి వచ్చేవాళ్లు పోయిన ఏడాది ఎఫ్‌ఐఆర్‌లలోంచి ఏవో ముప్పై కళ్లు మూసుకుని తీసి, ఆ ముప్పై మందికీ స్టేషన్ బయట నుంచి, స్టేషన్ వాళ్లు వినకుండా ఫోన్ చేయాలి. మూడు ప్రశ్నలు చాలు. మీ కేసు చూస్తున్నవారి పేరు మీకు తెలుసా? కేసు ఎంతవరకు వచ్చిందో మీరు అడగకముందే ఎవరైనా చెప్పారా? పరిహారం గురించి, ఉచిత లాయర్ గురించి ఎవరైనా చెప్పారా? రంగులు వేసిన గోడలు ఈ పరీక్షలో గట్టెక్కించలేవు. లైంగిక నేరాల్లో మాత్రం ఇలా ఫోన్ చేయకూడదు. ఇంట్లో మిగతావాళ్లకి తెలియకపోవచ్చు, బాధితురాలు చెప్పిన పద్ధతిలోనే సంప్రదించాలి.

ఇక మీకు అసలు ఉపయోగపడే విషయం. అక్రిడిటేషన్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. నేను చెప్పిన గడుల్లో కొన్ని చట్టంలోనే వచ్చేశాయి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 193వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చూడండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాది లేదా బాధితులకి పోలీసులు తెలియజేయాలి, ఫోన్ ద్వారానో మెసేజ్ ద్వారానో అయినా సరే. "తెలియజేయవచ్చు" అని లేదు, "తెలియజేయాలి" అనే ఉంది. మీకు ఐదు నెలలు దాటింది. ఈ ఒక్క సెక్షన్‌ని స్టేషన్లు నిజంగా పాటిస్తే నా నోటుపుస్తకం పని సగం అయిపోయినట్టే.

రెండోది చాలామంది లాయర్లు కూడా చెప్పరు. అదే చట్టంలో 396వ సెక్షన్, బాధితుల పరిహారం. పాత చట్టంలో ఇదే 357ఎ. పరిహారం అంటే ముద్దాయి దొరికి, శిక్ష పడ్డాకే అనుకుంటారు. అలా లేదు. ముద్దాయి ఎవరో తేలకపోయినా, కోర్టులో విచారణే జరగకపోయినా, బాధితులు ఎవరో తెలిస్తే చాలు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు రెండు నెలల్లో విచారణ పూర్తి చేయాలి. మీ అమ్మగారికి మణికట్టు విరిగింది. ఎంత ఇస్తారు, అసలు ఇస్తారా అన్నది గాయాన్ని బట్టి, ఆమె అవసరాన్ని బట్టి, రాష్ట్ర పథకంలోని నిబంధనలను బట్టి వాళ్లు తేలుస్తారు. ఆశ పెంచడానికి చెప్పడం లేదు, దరఖాస్తు పెట్టే హక్కు మీకుందని చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ సంగతి స్టేషన్‌లో విని వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. గుంటూరులో ఈ సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంది. ఫోన్‌లో అడగాలంటే 15100, డబ్బు పడదు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

మూడోది గొలుసు దొరికితే సంగతి. పోలీసులు ప్రెస్‌మీట్ పెట్టి బల్ల మీద బంగారం పరిచిన ఫొటో పేపర్లో చూసి, రేపే ఇంటికి వస్తుందని అనుకుంటారు. అది కోర్టు ద్వారానే రావాలి, మీరు పిటిషన్ వేయాలి. స్టేషన్‌లో వస్తువుల్ని పదిహేను రోజుల నుంచి నెలకు మించి ఉంచకూడదని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టం 497వ సెక్షన్‌లో గడువులు కూడా పెట్టారు. వస్తువు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక, ఫొటో లేదా వీడియో తయారవ్వాలి, ఆ పట్టిక అయిన 30 రోజుల్లో ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. గొలుసు కొన్నప్పటి బిల్లు, అది మెడలో ఉన్న పెళ్లి ఫొటో ఏదైనా ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఏ గొలుసు ఎవరిదన్న దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు.

ఇంకో మాట, మీకు కాకపోయినా ఇది చదివే వేరేవాళ్లకి. అత్యాచార బాధితురాలి వాంగ్మూలం ఆమె ఇంట్లో గానీ, ఆమె కోరిన చోట గానీ తీసుకోవాలి. పిల్లల మీద లైంగిక నేరాల్లో పోక్సో చట్టం ప్రకారం వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. ఇలాంటి కేసుల్లో, యాసిడ్ దాడుల్లో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో బాధితులు, సాక్షుల హక్కులకే 15ఎ అనే సెక్షన్ ఉంది. "మా పరిధి కాదు" అని ఎవరైనా అంటే, పరిధితో పని లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే.

మీరు చేయాల్సింది ఇది. ఒక తెల్లకాగితం మీద దర్యాప్తు అధికారికి ఉత్తరం రాయండి. క్రైమ్ నంబరు, తేదీ, అమ్మగారి పేరు, గాయం వివరం రాసి, 193(3) కింద దర్యాప్తు పురోగతి తెలియజేయమని అడగండి. గొడవపడొద్దు, ఎవరి మీదా ఆరోపణ వద్దు, అలా రాస్తే వాళ్లు సమాధానం మానేసి సంజాయిషీ రాసుకుంటారు. గొలుసు తెంచుకుపోయిన చోట ఉన్న షాపుల సీసీ కెమెరాల గురించి మీకు తెలిసిందేమైనా ఉంటే అదీ రాయండి. పది రోజులు చూసి, జవాబు రాకపోతే అదే ఉత్తరం కాపీ జతచేసి సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. అమ్మగారిని ఎండలో తిప్పకండి. మీరు వెళ్లినా తీసుకుంటారు. అరవై దాటిన మనిషిని సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలని 179వ సెక్షన్ చెబుతోంది.

ఆసుపత్రిలో ఇచ్చిన కాగితాలు, ఎక్స్‌రే, గాయాల సర్టిఫికెట్ ఒక సెట్టు జెరాక్సు తీసి పరిహారం దరఖాస్తుకి పక్కన పెట్టండి. దరఖాస్తు రాయడం కష్టమనిపిస్తే కోర్టు ఆవరణలోని ఆ ఆఫీసులో వాలంటీర్లం ఎవరో ఒకరం ఉంటాం, అక్కడే కూర్చుని రాసిపెడతాం. స్టేషన్‌లో ఇచ్చే ఉత్తరానికి మాత్రం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి వాళ్లకి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర, తీసుకున్నవారి సంతకం వేయించుకుని రండి.